ఎల్‌కేజీ ముంగిట బిడ్డ: తల్లిదండ్రులు ఏం చూడాలి?



ఎవరి స్మృతిలో మనం ఇక్కడ చేరామో ఆమెను ఈ ఊళ్లో పేరుపెట్టి పిలిచినవాళ్లు తక్కువ. అందరికీ ఆమె టీచరమ్మగారే. నేనూ అలాగే అంటాను. ఉద్యోగమంతా చిన్న తరగతుల్లోనే గడిపారు. పై తరగతులు ఇస్తామన్నా తీసుకోలేదు. జూన్‌లో బడి తెరిచాక తొలి వారాల్లో ఆమె పిల్లల చేత పలక పట్టించేవారు కాదనీ, ఆడించి, కథ చెప్పి, ఒక్కొక్కరినీ బాగా గమనించాకే అక్షరం జోలికి వెళ్లేవారనీ ఆమె దగ్గర చదువుకున్నవాళ్లు చెబుతారు. పిల్లల్ని అలా గమనించడం టీచర్లకే కాదు, తల్లిదండ్రులకూ అందుబాటులో ఉన్న విద్య. ఈ రోజు నేను మాట్లాడబోయేది దాని గురించే.

నేను పిల్లల వైద్యురాలిని. సంక్రాంతి దాటి అడ్మిషన్ల బోర్డులు వేలాడటం మొదలయ్యేసరికి, జలుబుకో జ్వరానికో వచ్చిన తల్లిదండ్రులు కుర్చీలోంచి లేవబోతూ ఒక ప్రశ్న అడుగుతారు. "డాక్టరమ్మా, వచ్చే ఏడు మావాణ్ణి ఎల్‌కేజీలో వెయ్యొచ్చంటారా? అందుకుంటాడా?" ఆ వెంటనే సంజాయిషీలా ఇంకో మాట వస్తుంది. పక్కింటి పాపకు అప్పుడే వంద దాకా అంకెలు వచ్చు, మావాడికి ఇంకా పది రావడం లేదు అని. నాలుగేళ్లైనా నిండని బిడ్డ గురించి ఆ తల్లి గొంతులో ఓటమి వినిపిస్తుంది.

ఆమెకు చెప్పే జవాబునే ఈ సభలో కొంచెం విపులంగా చెప్పాలని ఉంది. బిడ్డ బడికి సిద్ధంగా ఉన్నాడా లేదా అన్నది వాడికి ఎన్ని అక్షరాలు వచ్చో చూసి తేల్చేది కాదు. వాడి నడక, తిండి, మాట, ఆట, ఏడుపు కొన్నాళ్లు ఇంట్లోనే నిదానంగా చూస్తే తెలుస్తుంది. అంత దగ్గరగా చూడగలిగేది తల్లిదండ్రులు, తాతయ్య, నాయనమ్మ, అమ్మమ్మ మాత్రమే. అయితే అది సగం జవాబే. ఏ బడిలో వేయబోతున్నామో ఆ బడి ఇలాంటి బిడ్డకు సిద్ధంగా ఉందా అన్నది మిగతా సగం. రెండు సగాలూ కలిపి చూడకుండా ఏ పిల్లవాడి గురించీ తీర్పు చెప్పకూడదని నా గట్టి నమ్మకం.

వయసు లెక్క

ముందు వయసు సంగతి చూద్దాం. 2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఉన్న కాలాన్ని ఒకే పునాది దశగా తీసుకుంది. మొదటి మూడేళ్లు అంగన్‌వాడీలో గానీ పూర్వ ప్రాథమిక తరగతుల్లో గానీ గడుస్తాయి. ఆ తర్వాతి రెండేళ్లు ఒకటి, రెండు తరగతులు. ఆరేళ్లు నిండాకే ఒకటో తరగతి అని కేంద్ర విద్యాశాఖ 2023 ఫిబ్రవరిలో రాష్ట్రాలకు మళ్లీ గుర్తుచేసింది. ఆ లెక్కన వెనక్కి వస్తే యూకేజీకి ఐదు, ఎల్‌కేజీకి నాలుగు, నర్సరీకి మూడు నిండాలి. మన వైపు ఐదేళ్లకే ఒకటో తరగతి అన్న అలవాటు చాలాకాలంగా ఉంది కాబట్టి, మూడు నిండీ నిండకుండానే ఎల్‌కేజీ అనుకునే ఇళ్లు ఇప్పటికీ ఎక్కువ. రెండేళ్ల పిల్లల్ని ప్లేస్కూలు వ్యాను ఎక్కించే ఇళ్లూ ఉన్నాయి. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ప్రైవేటు ప్లేస్కూళ్ల కోసం రూపొందించిన మార్గదర్శకాలు మూడేళ్లలోపు వాళ్లను చేర్చుకోవద్దనే అంటాయి. మన పెద్దలు అక్షరాభ్యాసానికి ఐదో ఏడు అనుకున్నదీ, ఐదేళ్ల దాకా బిడ్డను లాలించాలన్నదీ ఊరికే కాదు.

ఒకే తరగతిలో కూర్చున్న పిల్లల మధ్య కూడా వయసు తేడా ఉంటుంది. గడువు తేదీకి ఒక వారం ముందు నాలుగు నిండిన పిల్లవాడూ, అదే వారంలో ఐదుకు దగ్గరపడిన పిల్లవాడూ ఒకే బెంచీ మీద ఉంటారు. పెద్దవాళ్లకు ఏడాది పెద్ద లెక్క కాదు. నాలుగేళ్లవాడికి అది ఇప్పటిదాకా బతికిన బతుకులో నాలుగో వంతు. ఆ తేడాను మరిచిపోతే ఏమవుతుందో అమెరికాలో జరిగిన ఒక పెద్ద అధ్యయనం చూపించింది. 2018లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అది అచ్చయింది. సెప్టెంబరు 1 నాటికి ఐదేళ్లు నిండితే కిండర్‌గార్టెన్‌లో చేర్చుకునే రాష్ట్రాలను తీసుకున్నారు. అక్కడ ఆగస్టులో పుట్టినవాళ్లు తరగతిలో అందరికంటే చిన్నవాళ్లు, సెప్టెంబరులో పుట్టినవాళ్లు అందరికంటే పెద్దవాళ్లు. ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం కలిసిన ఏడీహెచ్‌డీ ఉందని నిర్ధారించడం ఆగస్టు పిల్లల్లో 34 శాతం ఎక్కువగా కనిపించింది. పుట్టిన నెలను బట్టి పిల్లల మెదళ్లలో అంత తేడా ఉండదు. చిన్నవాళ్ల చిన్నతనాన్నే కొన్నిచోట్ల జబ్బుగా చదివారన్నమాట.

అందుకే తల్లిదండ్రులకు నా మొదటి మాట: మీ బిడ్డను పక్కింటి బిడ్డతో పోల్చే ముందు ఇద్దరి పుట్టిన నెలలూ చూడండి. చేర్పించాక కూడా మావాడు ఫలానా నెలలో పుట్టాడు, తరగతిలో చిన్నవాడు అని టీచరుకు చెప్పండి. ఆ ఒక్క సమాచారం టీచరు చూపును మార్చగలదు.

ఒళ్లు, చెయ్యి

పలక పట్టించే ముందు ఆ చెయ్యి ఎలా తయారవుతుందో చూద్దాం. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. అప్పుడే పుట్టిన బిడ్డ మణికట్టును ఎక్స్‌రే తీస్తే అవేవీ కనబడవు. అప్పటికి అవి మెత్తని మృదులాస్థి. తర్వాత ఒక్కొక్కటిగా గట్టిపడుతూ వస్తాయి. మొదటి రెండు తొలి ఏడాదిలోనే కనబడతాయి. నాలుగేళ్ల బిడ్డలో ఇంచుమించు నాలుగు, ఆరేళ్లు నిండేసరికి ఏడు కనిపిస్తాయి. ఎనిమిదోది కనబడాలంటే సాధారణంగా ఎనిమిదేళ్లు దాటాలి. రాత ఒక్క ఎముకల వల్లే రాదు. వేళ్ల కండరాల బలం, కంటికీ చేతికీ పొత్తు కుదరాలి. అవి కూడా అదే నిదానంతో వస్తాయి.

యేల్ విశ్వవిద్యాలయంలో పిల్లల ఎదుగుదలను దశాబ్దాల పాటు పరిశీలించిన ఆర్నాల్డ్ గెసెల్, పిల్లలు ఏ వయసులో ఏ ఆకారం చూసి గీయగలరో నమోదు చేశారు. చాలామంది మూడేళ్లకు గుండ్రని సున్నా చుడతారు. నాలుగేళ్లకు అడ్డం నిలువు గీతలు కలిపి కూడిక గుర్తు వేస్తారు. నాలుగున్నర ప్రాంతంలో నలుపలక పెట్టె, ఐదేళ్లకు త్రికోణం వస్తాయి. పేకముక్క మీది డైమండు ఆకారానికి ఆరేళ్లు దాటాలి. ఇప్పుడు మన తెలుగు 'అ' ఎలా రాస్తామో గుర్తు చేసుకోండి. లోపలి నుంచి మెలిక తిరిగి, చుట్టి, మళ్లీ మలుపు తీసుకోవాలి. పెట్టె గీయడానికే ఇంకా వీలుపడని చేతికి ఆ మెలికలు అప్పగించి, వంకర పోయిందని వేళ్ల మీద కొడితే ఆ దెబ్బ ఎవరి తప్పుకు? చెయ్యి తయారయ్యే లోపు అక్షరాన్ని కళ్లతో గుర్తుపట్టనివ్వండి, ఇసుకలో వేలితో తిప్పనివ్వండి. రాయడం కొద్ది నెలలు ఆగితే నష్టం లేదు.

మరి ఎల్‌కేజీకి ఒంట్లో చూడాల్సినవి ఏమిటి? మెట్లు ఒక్కో కాలు మార్చి ఎక్కి దిగుతున్నాడా? ఒంటికాలి మీద కొన్ని క్షణాలు నిలబడగలడా? తొక్కుడుబిళ్ల ఆటలో కుంటడానికి ప్రయత్నిస్తున్నాడా? చెంబుతో నీళ్లు పెద్దగా ఒలకకుండా వంచుకుంటాడా? పప్పన్నం కలిపి పెడితే తన చేత్తో తింటాడా? టిఫిన్ డబ్బా మూత తీసుకోగలడా? నిక్కరు కిందికి దించుకుని, పని అయ్యాక పైకి లాక్కోగలడా? పగటిపూట ఒంటికి వెళ్లాలని ముందుగా చెప్పగలడా? ఎప్పుడైనా ఒకసారి తడిసిపోతే అది లోపం కాదు. రాత్రి పక్క తడపడాన్ని ఐదేళ్లలోపు వైద్యశాస్త్రం జబ్బుగా లెక్కపెట్టదు. అందుకు బిడ్డను సిగ్గుపడేలా చేయకండి.

వీటిలో చాలావాటికి అడ్డం పడేది మన ప్రేమే. బడి వ్యాను వచ్చే తొందరలో మనమే తినిపిస్తాం, మనమే బూట్లు తొడుగుతాం. ఫోను చూపిస్తూ తినిపించిన బిడ్డకు తరగతిలో డబ్బా తెరిచాక ఏం చేయాలో తోచదు. వాడికి చేతకాక కాదు, చేసే అవకాశం మనం ఇవ్వలేదు.

మాట

ఆర్నెల్ల కిందట ఒక నాలుగేళ్ల బాబును తీసుకొచ్చారు. దేశాల రాజధానులు గడగడా చెబుతున్నాడు. దాహం వేస్తే మాత్రం వెళ్లి ఫ్రిజ్ దగ్గర నిలబడి ఏడుస్తాడట, నీళ్లు కావాలని అడగడట. మరో పాప ఒక పెద్ద స్కూలు ఇంటర్వ్యూలో నోరు విప్పలేదని సీటు రాలేదు. నా గదిలో పది నిమిషాలు బొమ్మలతో ఆడాక, మేకపిల్ల బావిలో పడబోతే తాతయ్య ఎలా పట్టుకున్నాడో మొదలూ చివరా తప్పకుండా చెప్పింది. బడికి కావాల్సిన మాట ఈ పాపది. ఆ బాబు విషయంలో మాత్రం, రాజధానుల ముచ్చట పక్కనపెట్టి, మాటను అవసరానికి వాడటం ఎందుకు రాలేదో ముందు పరీక్షించాల్సి వచ్చింది.

నాలుగేళ్ల బిడ్డ నాలుగైదు మాటల వాక్యాలు మాట్లాడుతుంది. రోజులో జరిగిన ఒక సంగతైనా తనంతట తాను చెబుతుంది. ఇంటికి వచ్చిన కొత్తవాళ్లకు కూడా ఆ మాటలు చాలావరకు అర్థమవుతాయి. 'చెప్పులు తీసి, చేతులు కడుక్కుని రా' అని రెండు పనులు కలిపి చెబితే చేసుకువస్తుంది. నొప్పి పుడితే ఎక్కడో చూపిస్తుంది. ఇవన్నీ ఏ భాషలో? ఇంటి భాషలో. తెలుగింటి బిడ్డను తెలుగులోనే చూడాలి. ఇంట్లో కోయ, గోండి, లంబాడీ, ఉర్దూ మాట్లాడే బిడ్డను ఆ భాషలోనే చూడాలి. ఇంగ్లీషులో రంగుల పేర్లు చెప్పలేకపోవడం దేనికీ కొలత కాదు. ఇంటి భాషలో కథ చెప్పగల బిడ్డ రెండో భాషను ఆ పునాది మీదే కట్టుకుంటుంది. కనీసం ఐదో తరగతి దాకా వీలైనచోట ఇంటి భాషలో బోధించాలని 2020 విధానం చెప్పిందీ ఇందుకే.

ఒక్క హెచ్చరిక. మూడేళ్లు దాటినా రెండు మూడు మాటలు కలపలేకపోవడం, పిలిస్తే తిరగకపోవడం, టీవీ శబ్దం బాగా పెంచుకోవడం, కళ్లలోకి చూడకపోవడం, వచ్చిన మాట పోవడం కనిపిస్తే 'వాళ్ల నాన్నకూ లేటుగానే మాటలొచ్చాయి' అని సర్దుకోకండి. ముందు వినికిడి పరీక్ష చేయించండి. మాటిమాటికీ జలుబు చేసే పిల్లల్లో చెవి లోపల నీరు చేరి వినికిడి మందగించవచ్చు. అది బయటికి మొద్దుతనంలా, మొండితనంలా కనిపిస్తుంది. అలాగే చూపు. పుస్తకం ముక్కుకు ఆనించి చూసే బిడ్డకు కావాల్సింది కళ్లద్దాలు, తిట్లు కాదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు వెళ్లి పిల్లల్ని పరీక్షిస్తాయి. లోపం ఉందని అనుమానం వస్తే జిల్లా స్థాయిలోని డీఈఐసీకి, అంటే ఎదుగుదల లోపాలను తొలి దశలోనే పట్టి చికిత్స చేసే కేంద్రానికి పంపుతాయి. అక్కడి పరీక్షలు, చికిత్స ఉచితం. ఈ సంగతి తెలియక ఏళ్లు పోగొట్టుకున్న కుటుంబాలను నేను చూస్తూనే ఉన్నాను.

ఏడుపు, ఆట, నిలకడ

తల్లిదండ్రులను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టేది బడి గేటు దగ్గరి ఏడుపు. కొంగు పట్టుకుని వేలాడే బిడ్డను చూసి, వీడింకా సిద్ధంగా లేడని ఇంటికి తీసుకుపోయేవాళ్లున్నారు. ఏడుపు అన్నది అసమర్థతకు గుర్తు కాదు. తల్లీబిడ్డల అనుబంధంపై మేరీ ఐన్స్‌వర్త్, జాన్ బౌల్బీ వంటి మనస్తత్వ శాస్త్రవేత్తల పరిశోధనలు తేల్చిందేమిటంటే, నమ్మకమైన మనిషి అండ ఉన్న బిడ్డే ధైర్యంగా కొత్తచోటును చూడటానికి కదులుతుంది. ఆ మనిషి వెళ్లిపోతే బాధపడటం ఆ అనుబంధంలో భాగమే. చూడాల్సింది ఎంత గట్టిగా ఏడ్చిందన్నది కాదు, ఎంతసేపటికి తేరుకుందన్నది. అమెరికాలోని వ్యాధి నియంత్రణ కేంద్రం, సీడీసీ, 2022లో సవరించిన ఎదుగుదల పట్టికలో మూడేళ్ల పిల్లల గురించి ఇదే రాసింది: అమ్మానాన్న వదిలి వెళ్లాక పది నిమిషాల్లో చాలామంది కుదుటపడతారు. కాబట్టి గేటు బయట నిలబడి ఏడుపు వింటూ కూర్చోకుండా, అరగంట తర్వాత టీచరును అడగండి. రెండు మూడు వారాలు గడిచినా రోజంతా ఏడుస్తూ, తిండి మానేసి, రాత్రి ఉలిక్కిపడి లేస్తుంటే మాత్రం ఆగి ఆలోచించాలి. అలాంటప్పుడు కూడా ముందు అనుమానించాల్సింది తరగతి గదిని.

ఇంట్లోనే దీనికి సాధన ఉంది. అమ్మమ్మ ఇంట్లోనో పిన్ని ఇంట్లోనో ఒక పూట అమ్మ లేకుండా ఉండగలడేమో చూడండి. వెళ్లేటప్పుడు చాటుగా జారుకోకండి. వస్తానని చెప్పి వెళ్లండి, చెప్పిన వేళకు రండి. బిడ్డ నేర్చుకోవాల్సిన మొదటి పాఠం అదే, వెళ్లిన అమ్మ తిరిగి వస్తుందని.

ఇక నలుగురిలో మెలగడం. ఊయల దగ్గర తన వంతు వచ్చేదాకా కాసేపు ఆగుతాడా? బొమ్మ లాక్కుంటే కొరకడం, కొట్టడం కాకుండా మాటతోనో ఏడుపుతోనో పెద్దవాళ్లకు చెబుతాడా? పక్క పిల్ల పడిపోతే దగ్గరికి వెళ్లి చూస్తాడా? దుప్పటి కట్టుకుని రాజుగానో, ఖాళీ డబ్బా పట్టుకుని కండక్టరుగానో లేనిది ఉన్నట్టు ఆడుతున్నాడా? ఈ చివరిది చాలామంది గమనించరు. ఖాళీ డబ్బా టికెట్ల మిషన్ అవుతుందని ఒప్పుకున్న మనసుకే, రేపు ఒక గీత ఒక శబ్దానికి గుర్తు అవుతుందని ఒప్పుకోవడం తేలిక. ఆటను చదువుకు పోటీ అనుకోవడం మనం చేసే పెద్ద అన్యాయం.

నిలకడ సంగతీ చూద్దాం. ఐదేళ్ల పిల్లలు ఒక కథ మీదో ఒక పని మీదో ఐదు నుంచి పది నిమిషాలు మనసు పెట్టగలరని అదే సీడీసీ పట్టిక చెబుతుంది. టీవీ, ఫోను చూస్తూ కూర్చున్న సమయం ఆ లెక్కలోకి రాదని కూడా చెబుతుంది. ఐదేళ్లవాళ్లకే అంత అయితే, నలభై నిమిషాల పీరియడ్‌లో నాలుగేళ్లవాడు కదలకుండా కూర్చోలేదని ఫిర్యాదు చేయడంలో అర్థం లేదు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు, నాలుగేళ్ల పిల్లలకు రోజులో కనీసం మూడు గంటల ఒంటి కదలిక, 10 నుంచి 13 గంటల నిద్ర ఉండాలనీ, తెర ముందు గంటకు మించి ఉండకూడదనీ చెప్పింది. రాత్రి పదకొండుకు పడుకుని పొద్దున్నే వ్యాను కోసం లేవాల్సివచ్చే బిడ్డ తరగతిలో మగతగా ఉంటే, వాడికి చదువు మీద ఆసక్తి లేదనకండి. వాడికి కావాల్సింది నిద్ర.

ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు ఆగకూడదు

ఇవన్నీ చూశాక కొన్ని వచ్చు, కొన్ని రావు అని తేలుతుంది. ప్రతి ఇంట్లోనూ అంతే. అన్నీ వచ్చిన బిడ్డ కోసం ఎదురుచూడకండి. చాలావరకు ఉండి, మిగిలినవి నెలనెలకూ మెరుగవుతుంటే ధైర్యంగా చేర్పించవచ్చు. వయసు గడువు అంచున ఉండి, మాటలోనూ స్వంత పనుల్లోనూ నలుగురిలో మెలగడంలోనూ వెనకబాటు కనిపిస్తే ఒక ఏడాది నర్సరీలోనో అంగన్‌వాడీలోనో గడపనివ్వడం మంచిది. ఏడాది పోయిందని బంధువులు అంటారు. ముందు పదిహేనేళ్ల చదువు ఉన్నవాడికి ఆ ఏడాది పోయినట్టు కాదు. ఫిన్లండ్‌లో తప్పనిసరి బడి మొదలయ్యేది ఏడేళ్లకు. దానికి ముందు ఒక ఏడాది ఆటపాటల పూర్వ ప్రాథమిక తరగతి ఉంటుంది.

అయితే ఆపడమే అన్నిటికీ మందు అనుకోకూడదు. తమ పిల్లలు తరగతిలో పెద్దవాళ్లుగా ఉంటే పైచేయి సాధిస్తారని అమెరికాలో కొందరు కావాలనే ఏడాది ఆపుతారు. ఆ పైచేయి పై తరగతులకు వెళ్లేకొద్దీ తగ్గిపోతున్నట్టు అక్కడి అధ్యయనాలే చూపాయి. గెసెల్ ఎదుగుదల తనంతట తాను వస్తుందని నమ్మారు. రష్యాలో మనస్తత్వ శాస్త్రవేత్త వైగాట్‌స్కీ దానికి భిన్నంగా, తనకంటే కొంచెం తెలిసినవాళ్ల తోడులో బిడ్డ ఒంటరిగా చేయలేనిది చేయగలుగుతుందనీ, ఆ తోడే ఎదుగుదలను ముందుకు లాగుతుందనీ అన్నారు. నా అనుభవంలో ఇద్దరి మాటా పనికొస్తుంది. చేతికి, మణికట్టుకు గెసెల్ మాట విని ఆగాలి. మాటకు, స్నేహానికి వైగాట్‌స్కీ మాట విని తోడు ఇవ్వాలి. ఏ తోడూ లేకుండా టీవీ ముందు గడిచిన ఏడాది ఏ బిడ్డనూ సిద్ధం చేయదు. ఇక వినికిడి, చూపు, మాట, ఆటిజం వంటి విషయాల్లో అనుమానం ఉన్నప్పుడు ఎదురుచూడటం హాని. ఆ పిల్లలకు బడి ఇతరులకంటే ముందే, మరింత శ్రద్ధతో కావాలి. వాళ్లను ఇంట్లో ఆపేయడానికి సిద్ధంగా లేరన్న మాటను ఎవరూ సాకుగా వాడకూడదు.

బడి సిద్ధంగా ఉందా?

ఇక జవాబులో మిగతా సగం, బడి సంగతి. 1945లో విద్యావేత్త తారాబాయి మోదక్ మహారాష్ట్రలోని బోర్డీ గ్రామంలో చిన్నపిల్లల బడి మొదలుపెట్టారు. అంతకు ముందు ఆమె గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయి బధేకా 1920లో నెలకొల్పిన బాలమందిరంలో పనిచేశారు. బోర్డీలో పేదల పిల్లలు బడికి రాకపోతే, వాళ్లు చదువుకు తగరని ఆమె అనలేదు. బడినే వాళ్ల వాకిళ్లలోకి తీసుకెళ్లారు. పిల్లల్ని శుభ్రం చేసి, పాటలు పాడించి, అక్కడ దొరికే గవ్వలు, ఆకులు, గింజలతోనే పాఠం చెప్పారు. తర్వాత ఆమె శిష్యురాలు అనుతాయి వాఘ్‌తో కలిసి కోస్‌బాడ్ కొండల్లో వార్లీ గిరిజన పిల్లల మధ్య ఆ పని సాగింది. పశువులు కాసే పిల్లల కోసం మేత బయలులోనే బడి పెట్టారు. నేడు దేశమంతా ఉన్న అంగన్‌వాడీ అనే ఆలోచనకు మూలం అక్కడుంది. బిడ్డ దగ్గరికి బడి నడిచి రాగలదని చేసి చూపించిన చరిత్ర మన దేశంలోనే ఉంది.

అందుకే బిడ్డను పరీక్షించినట్టే బడినీ పరీక్షించండి. తరగతిలో ఎంతమంది? 20 మందికి ఒక టీచరు, తోడు ఒక ఆయా ఉండాలని బాలల హక్కుల కమిషన్ మార్గదర్శకాలు చెబుతాయి. మరుగుదొడ్డి బిడ్డ ఎత్తుకు తగ్గట్టు, తరగతికి దగ్గరగా ఉందా? నేల మీద కూర్చుని ఆడటానికి జాగా ఉందా? మొదటి వారాల్లో తల్లిని కాసేపు లోపల ఉండనిస్తారా? తెలుగులో అడిగితే టీచరు తెలుగులో జవాబిస్తుందా, లేక తెలుగు మాట్లాడితే జరిమానా వేస్తారా? గోడల మీద పిల్లలు వేసిన బొమ్మలున్నాయా, ర్యాంకుల ఫ్లెక్సీలున్నాయా? రోజూ ఎన్ని పేజీలు రాయిస్తారు? ఈ చివరి ప్రశ్నకు గర్వంగా పెద్ద సంఖ్య చెప్పిన బడి నుంచి తిరిగి వచ్చేయండి. ఎల్‌కేజీ బిడ్డకు హోంవర్కు అవసరం లేదు.

నర్సరీ ప్రవేశాలకు పరీక్షలు, ఇంటర్వ్యూలు రద్దు చేయాలని పిల్లల చదువు భారాన్ని పరిశీలించిన యశ్‌పాల్ కమిటీ 1993లోనే చెప్పింది. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ పిల్లల్నీ తల్లిదండ్రులనూ వడపోసే పద్ధతిని నిషేధించి, తొలిసారి ఉల్లంఘిస్తే 25,000 రూపాయల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 దాకా జరిమానా పెట్టింది. ఆరేళ్లలోపు తరగతులకు ఈ నిబంధన ఎంతవరకు వర్తిస్తుందన్నదానిపై న్యాయస్థానాల్లో వాదాలు నడిచాయి. చట్టం వెనకున్న మనసు మాత్రం స్పష్టమే. మూడు, నాలుగేళ్ల బిడ్డను కొత్త గదిలో కొత్త మనుషుల ముందు నిలబెట్టి ఐదు నిమిషాల్లో తూచడం ఆ బిడ్డ గురించి ఏమీ చెప్పదు. 2021లో వచ్చిన 'విద్యాప్రవేశ్' కార్యక్రమం ఒకటో తరగతిలో చేరిన పిల్లలకు మొదటి మూడు నెలలూ ఆటలతోనే బడిని అలవాటు చేయమంటుంది. వచ్చిన పిల్లల్ని సిద్ధం చేసుకోవడం బడి బాధ్యతేనని దాని సారాంశం.

మిగిలిన నెలల్లో

జూన్‌కు ఇంకా నెలలున్నాయి. ఈ లోపు ఇంట్లో ఏం చేయాలని అడుగుతారు. ట్యూషన్ పెట్టకండి. చిక్కుడుకాయలు ఒలిపించండి, కందిపప్పులో రాళ్లు ఏరించండి, చపాతీ పిండి ముద్ద ఇవ్వండి, ముగ్గుకు చుక్కలు పెట్టనివ్వండి. వేళ్లకు అంతకంటే మంచి కసరత్తు లేదు. రాత్రి ఒక కథ చెప్పి, మర్నాడు ఆ కథను బిడ్డ చేత చెప్పించుకోండి. బజారుకు వెంట తీసుకెళ్లి మూడు టమాటాలు, రెండు నిమ్మకాయలు తీసిమ్మనండి. వీధి పిల్లలతో ఆడనివ్వండి. ఫ్లాట్లలో ఉన్నవాళ్లు సాయంత్రం కిందికి తీసుకెళ్లండి. పొద్దున లేచే వేళ, రాత్రి పడుకునే వేళ ఇప్పటినుంచే సరిచేయండి. చేరబోయే బడిని ఒకసారి చూపించండి. ముఖ్యంగా, 'బడికి వెళ్తే టీచరు నీ పని పడుతుంది' అని అల్లరి మాన్పించడానికి కూడా అనకండి. బిడ్డ మనసులో బడికి మనం వేసే మొదటి బొమ్మ భయంది కాకూడదు.

కూలికి వెళ్లే తల్లికి ఇవన్నీ చేసే తీరిక ఉండదని నాకు తెలుసు. ఆమె బిడ్డకు ఈ తోడు ఇవ్వాల్సింది అంగన్‌వాడీ. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం, ఐసీడీఎస్, కింద నడిచే ఆ కేంద్రాల్లోనే కోట్లాది పిల్లలకు తొలి బడి ఉంది. ఆరేళ్లు నిండేదాకా పిల్లలందరికీ సంరక్షణ, విద్య అందించడానికి ప్రభుత్వం కృషి చేయాలని రాజ్యాంగం 45వ అధికరణం చెబుతుంది. గుడ్డు, పాలు ఎంత అవసరమో అక్కడ కథ, బొమ్మ, పాట అంతే అవసరం. అంగన్‌వాడీ టీచరుకు సర్వేలు, రిజిస్టర్ల భారం తగ్గించి, మంచి శిక్షణ, గౌరవమైన జీతం ఇస్తేనే అవి అందుతాయి. ఆ మేలు కోసం మాట్లాడటం ఈ సభలో ఉన్న ప్రతి తల్లి, ప్రతి తండ్రి పని కూడా, వాళ్ల పిల్లలు కాన్వెంటులో చదువుతున్నా సరే.

చివరగా తల్లిదండ్రులకు ఒక మనవి. ఎవరైనా మీ బిడ్డను చూసి 'వీడింకా సిద్ధంగా లేడు' అంటే కుంగిపోకండి, కోపమూ తెచ్చుకోకండి. 'దేనికి సిద్ధంగా లేడు?' అని మర్యాదగా అడగండి. గంటలకొద్దీ కదలకుండా కూర్చోవడానికి, పేజీలు నింపడానికి అన్నది జవాబైతే, మారాల్సింది ఆ బడి. మాట, వినికిడి, చూపు అన్నది జవాబైతే, అదే వారంలో వైద్యుల దగ్గరికి వెళ్లండి. వయసు చాలలేదన్నది జవాబైతే, నిశ్చింతగా ఒక ఏడాది ఇవ్వండి, ఆ ఏడాదిని ఆటతో, మాటతో నింపండి. ఈ మూడింటిలో ఏదీ బిడ్డ తప్పు కాదు. బడి గడప తొక్కక ముందే ఏ బిడ్డ మీదా ఓడిపోయాడన్న ముద్ర పడకుండా చూడటం మన అందరి బాధ్యత.